కబురు రాని ఇళ్ళు

మన మొహల్లాలో ఎవరింట్లోనైనా మయ్యిత్ అయితే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కింటి వారో, మేనమామ ఇంటివారో, వియ్యంకులో అన్నం వండి పంపిస్తారు. ఎవరూ ఎవరినీ అడగరు. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి అన్నం గిన్నె వచ్చి వాకిట్లో దిగుతుంది. పేదవారైనా, కలిగినవారైనా ఈ ఒక్క విషయంలో మన ఊళ్ళలో తేడా కనిపించదు. చాలామంది దీనిని లోకాచారం అనుకుంటారు. నిజానికి ఇది యుద్ధంలో ప్రాణం కోల్పోయిన ఒక వ్యక్తి ఇంటి వాకిట్లో దైవప్రవక్త (సఅసం) స్వయంగా నేర్పిన మర్యాద.

హిజ్రీ 8వ సంవత్సరం, అంటే క్రీ.శ. 629. నేటి జోర్డాన్ ప్రాంతంలోని మూతా దగ్గర రోమన్ సేనలతో యుద్ధం జరిగింది. అందులో హజ్రత్ అలీ (రజి) అన్నగారైన హజ్రత్ జాఫర్ (రజి) షహీద్ అయ్యారు. ఆయన భార్య హజ్రత్ అస్మా (రజి) ఆ రోజు మదీనాలో తన పనుల్లో తానున్నారు. పిండి కలిపి పెట్టుకున్నారు. పిల్లలకు స్నానం చేయించి, తలకు నూనె రాశారు. అంతలో దైవప్రవక్త (సఅసం) వచ్చి జాఫర్ పిల్లలను తన దగ్గరకు తీసుకురమ్మన్నారు. వారిని దగ్గరకు తీసుకున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ కన్నీళ్ళు చూసి ఆ ఇల్లాలికి సంగతి అర్థమయింది. తరువాత ఆయన తన ఇంటివారితో జాఫర్ ఇంటికి అన్నం వండి పంపమన్నారు, వారు తమ దుఃఖంలో ఉన్నారు కాబట్టి. మూడు రోజులు గడిచాక వచ్చి పిల్లల తల వెంట్రుకలు తీయించారు. వారి పోషణ సంగతి తల్లి ఎత్తినప్పుడు, వారికి సంరక్షకుణ్ణి తాను ఉన్నానని ధైర్యం చెప్పారు.

ఇందులో ఎన్ని ఉన్నాయో చూడండి. కబురు స్వయంగా వెళ్ళి చెప్పడం ఉంది. కలిసి ఏడవడం ఉంది. అన్నం పంపడం, శోకానికి ఒక హద్దు, ఆ తరువాత అనాథ పిల్లల బాధ్యత, అన్నీ ఉన్నాయి. ఒక ఇంటి పెద్దదిక్కు యుద్ధంలో పోతే చుట్టూ ఉన్నవారు ఏం చేయాలో ఆ మూడు నాలుగు రోజుల్లోనే తేలిపోయింది. అయితే వీటన్నిటికీ మొదలు ఒక్కటే. కబురు రావాలి.

ఆ కబురే రాకపోతే? మనిషి పోయాడని చెప్పేవారు లేరు, బ్రతికి ఉన్నాడని చెప్పేవారూ లేరు. జనాజా లేదు, ఖబరు లేదు, తేదీ లేదు. అలాంటి ఇంటికి అన్నం ఎప్పుడు పంపాలి? ఆ ఇల్లాలు ఇద్దత్ ఎప్పుడు మొదలుపెట్టాలి? పిల్లలను యతీములనాలా, వద్దా? యుద్ధాలను గురించి రాసేవారు చనిపోయినవారి లెక్క చెబుతారు, గాయపడినవారి లెక్క చెబుతారు. తప్పిపోయినవారు ఆ పట్టికలో మూడో వరుసలో, చిన్న అంకెగా ఉంటారు. ఆ అంకెలో ఉన్న ప్రతి మనిషి వెనుకా ఒక ఇల్లు ఏళ్ళ తరబడి తలుపు గడియ వేయకుండా నిద్రపోతూ ఉంటుంది.

మన తెలుగువారికి దీని రుచి కొద్దిగా తెలుసు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్ లో ప్రవేశించినప్పుడు అక్కడ లక్షకు పైగా భారతీయులు ఉన్నారు. వారిలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి వెళ్ళినవారు తక్కువేమీ కాదు. ఫోన్లు తెగిపోయాయి, ఉత్తరాలు ఆగిపోయాయి. డ్రైవరు పనికి వెళ్ళిన కొడుకు, ఇంటిపనికి వెళ్ళిన తల్లి ఎడారిలో ఏ శిబిరంలో ఉన్నారో తెలియని రోజులవి. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు 59 రోజుల పాటు తిరిగి మనవారిని చేరవేశాయి. మనవాళ్ళలో అత్యధికులు ఇల్లు చేరారు. అప్పులతో, ఖాళీ చేతులతో వచ్చారన్న మాట నిజమే కాని, వచ్చారు. ఆ కొద్ది వారాల నిరీక్షణ ఎలాంటిదో అప్పటి అమ్మలను, అత్తలను అడిగితే ఈనాటికీ చెబుతారు. ఆ యుద్ధంలోనే కువైట్ నుంచి పట్టుకుపోయిన 605 మంది ఇళ్ళలో మాత్రం నిరీక్షణ వారాలతో తీరలేదు. వారిలో కొందరి ఎముకలు ఇరాక్ ఎడారిలో దొరికి, స్వదేశానికి చేరేసరికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఈ నిరీక్షణ ఎంత దూరం పోగలదో చూపిన చోటు బోస్నియాలోని స్రెబ్రెనిత్సా. ఆ కథ పైపైన అందరికీ తెలిసిందే. 1993 ఏప్రిల్ లో ఐక్యరాజ్యసమితి దానిని 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించింది. 1995 జూలై 11న జనరల్ రాత్కో మ్లాదిచ్ నాయకత్వంలోని సెర్బు సైన్యం దానిని స్వాధీనం చేసుకుంది. పక్కనే పోటోచారీ అనే పల్లెలో డచ్చి దేశపు శాంతి సైనికుల స్థావరం ఉండేది. వేలాది కుటుంబాలు రక్షణ కోసం అక్కడికి పరుగెత్తాయి. ఆడవారిని, పసిపిల్లలను బస్సుల్లో, లారీల్లో ఎక్కించారు. మగవారిని, మీసాలు రాని కుర్రవాళ్ళతో సహా, పక్కకు తీశారు. అడవి దారిన తూజ్లా పట్టణం వైపు నడిచిపోవడానికి ప్రయత్నించిన వేలాది మందిలో ఎందరో దారిలోనే పట్టుబడ్డారు. కొద్ది రోజుల్లో ఎనిమిది వేల మందికి పైగా హతమయ్యారు. అంతర్జాతీయ న్యాయస్థానాలు దీనిని జాతిసంహారంగా తీర్పు చెప్పాయి. మ్లాదిచ్ కు పడిన యావజ్జీవ శిక్ష 2021లో ఖాయమయింది.

కాని బస్సు దిగి తూజ్లా చేరిన ఆడవారికి ఈ తీర్పులేవీ ఆనాడు తెలియవు. వారికి తెలిసింది ఒక్కటే: భర్తను ఫలానా చోట పక్కకు తీశారు, కొడుకు ఫలానా కొండ ఎక్కుతూ చేయి ఊపాడు. అంతే. ఖైదులో ఉన్నారని ఒకరంటారు, గనుల్లో పని చేయిస్తున్నారని ఇంకొకరంటారు. ఆశను చంపుకోవడానికి సాక్ష్యం లేదు, నిలుపుకోవడానికీ సాక్ష్యం లేదు. ఆ స్త్రీలు ప్రతి నెలా 11వ తేదీన తూజ్లా వీధుల్లోకి వచ్చి నిలబడసాగారు. వారి చేతుల్లో నినాదాల బోర్డులకు బదులు, తమ వారి పేర్లు, పుట్టిన సంవత్సరాలు సూదితో కుట్టిన దిండు గలీబులు ఉండేవి. తల పెట్టుకునే మనిషి లేని దిండు గలీబు.

హంతకులు చేసిన రెండో పని మొదటి దానికంటే తక్కువ క్రూరమైనదేమీ కాదు. నేరం బయటపడుతుందని భయపడి, ఆ ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సామూహిక సమాధులను యంత్రాలతో తవ్వించి, శవాలను లారీల్లో తీసుకుపోయి దూరాన వేరే గోతుల్లో పూడ్చారు. యంత్రం పళ్ళకు దేహాలు ముక్కలయ్యాయి. ఒకే మనిషి ఎముకలు నాలుగైదు గోతుల్లో దొరికిన సందర్భాలున్నాయి. అందుకే ముఖం, బట్టలు చూసి గుర్తుపట్టే వీలు లేకపోయింది. 1996లో ఏర్పడిన తప్పిపోయినవారి అంతర్జాతీయ కమిషన్ బంధువుల నుంచి రక్తపు చుక్కలు సేకరించి, ఎముకలలోని డి.ఎన్.ఏ.తో పోల్చడం మొదలుపెట్టింది. స్రెబ్రెనిత్సా వారిలో తొలి జోడీ 2001 నవంబరులో కుదిరింది. అది పదిహేనేళ్ళ బాలునిది. అప్పటి నుంచి దాదాపు ఏడు వేల మందిని గుర్తించారు. 2003 మార్చి 31న పోటోచారీ ఖబరస్తాన్ లో తొలిసారిగా 600 మందికి ఖననం జరిగింది. తరువాత ప్రతి ఏటా జూలై 11న, ఆ సంవత్సరంలో గుర్తించినవారికి అక్కడే జనాజా నమాజు చేసి ఖననం చేస్తున్నారు. ఇంతవరకు 6,700 మందికి పైగా అక్కడ ఉన్నారు.

ఇప్పుడు ఒక తల్లి స్థానంలో మనల్ని ఊహించుకుందాం. పన్నెండేళ్ళ తరువాత ఫోన్ మోగుతుంది. మీ అబ్బాయి దొరికాడంటారు. ఎంత దొరికాడు? ఒక తొడ ఎముక, రెండు పక్కటెముకలు. ఖననం చేస్తారా, మిగతావి దొరికేవరకు ఆగుతారా? ఆగితే తాను బ్రతికి ఉంటుందో లేదో తెలియదు. చేసేస్తే, మళ్ళీ రెండేళ్ళకు ఇంకో ఎముక దొరికిందని ఫోన్ వస్తే ఖబరు మళ్ళీ తెరవాలి. ఇది కల్పన కాదు, ఎన్నో కుటుంబాలు ఎదుర్కొన్న ప్రశ్న. ఆకుపచ్చ గుడ్డ కప్పిన ఆ పెట్టెలు మోసేవారి భుజాల మీద చాలా తేలికగా ఉంటాయి. మనకు తెలిసిన జనాజాలలో బరువు ఉంటుంది, భుజాలు మారుస్తూ నడుస్తాం. ఆ తేలికదనాన్ని మించిన బరువు వేరే ఉంటుందా?

హతీజా మెహ్మెదోవిచ్ అనే ఆమె స్రెబ్రెనిత్సా తల్లుల సంఘానికి నాయకత్వం వహించారు. భర్తను, ఇద్దరు కొడుకులను, సోదరులను కోల్పోయారు. యుద్ధం ముగిశాక స్రెబ్రెనిత్సాలోని తన ఇంటికే తిరిగి వెళ్ళి ఒంటరిగా ఉన్నారు. 2018లో కన్నుమూశారు. ఆమెలా తిరిగి వెళ్ళినవారికి ఇంకొక పరీక్ష ఎదురయింది. అది ఇరుగుపొరుగు మౌనం. అన్ని వేల దేహాలను ఒక చోటి నుంచి ఇంకొక చోటికి రాత్రులు మోసిన లారీలను ఎవరో నడిపారు. ఆ తవ్వకాల చప్పుడు ఎవరో విన్నారు. యుద్ధానికి ముందు ఒకరింట్లో ఒకరు కాఫీ తాగిన మనుషులు వారు. ఒక్క మాట చెబితే ఒక తల్లికి ఖబరు దొరుకుతుంది. ఆ మాట చాలామంది చెప్పలేదు. అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఒక జాతి పట్ల ఉన్న కోపం మనల్ని న్యాయం తప్పేలా చేయరాదన్నది ఖురాన్ బోధ. బోస్నియా యుద్ధంలో తప్పిపోయిన సుమారు 31,500 మందిలో సెర్బులూ ఉన్నారు, క్రొయేట్లూ ఉన్నారు. ఆ తల్లుల రక్తపు చుక్కలూ ఆ ప్రయోగశాలలోనే ఉన్నాయి. అయినా, తెలిసి దాచినవాని పాపం దాచినవానిదే. తొలి హత్య జరిగినప్పుడు సోదరుని శవాన్ని ఏం చేయాలో తెలియక తిరుగుతున్న హంతకునికి ఒక కాకి నేల గీరి చూపిందని ఖురాన్ చెబుతుంది. కాకికి తెలిసిన మర్యాద మనుషులు మరిచిపోయారు.

ఇలాంటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు మనం చెప్పే మాట సాధారణంగా ఒక్కటే: "సబర్ చేయండి." మాట మంచిదే. చెప్పే తీరులోనే పొరపాటుంది. సబర్ అంటే ఇక ఆ ప్రస్తావన ఎత్తవద్దని మన భావం. హజ్రత్ యాఖూబ్ (అలైహి) వృత్తాంతం చదివితే మరో సంగతి బోధపడుతుంది. యూసుఫ్ (అలైహి) తప్పిపోయాడు. తండ్రికి చూపించింది నెత్తురు పూసిన చొక్కా మాత్రమే. ఆ సాక్ష్యాన్ని ఆయన నమ్మలేదు. సౌందర్యవంతమైన సహనం వహిస్తానన్నది ఆయనే, ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడినదీ ఆయనకే. ఏళ్ళ తరువాత కూడా యూసుఫ్ పేరు తలుస్తుంటే ఇంటివారే విసుగుపడి, ఇలా అయితే చిక్కి చనిపోతావని మందలించారు. ఆయన తన మొర అల్లాహ్ కే చెప్పుకుంటానన్నారు. ఆ వెంటనే కొడుకులను పిలిచి, వెళ్ళి యూసుఫ్ ను వెదకమన్నారు, దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నారు. ఒక ప్రవక్త సబర్ లో కన్నీళ్ళూ ఉన్నాయి, వెదుకులాటా ఉంది. విసుక్కున్నవారు చుట్టూ ఉన్న మనుషులే.

మన దేశంలోనూ ఇలా వెదికినవారున్నారు. 1971 యుద్ధంలో తప్పిపోయి పాకిస్తాన్ చెరలో ఉన్నారని భావించిన 54 మంది మన సైనికుల కుటుంబాల నుంచి కొందరు 2007లో అక్కడి జైళ్ళకు వెళ్ళి స్వయంగా చూసి వచ్చారు. ఎవరూ కనిపించలేదు. ముప్పై ఆరేళ్ళ తరువాత కూడా వెళ్ళారంటే ఆ ఇళ్ళలో ఏం జరుగుతూ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ ఇంట్లో మిగిలిన స్త్రీ సంగతి. ఇక్కడ మనం కొంచెం నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అజ్ఞానం వల్ల జరిగే హాని చాలావరకు ఆమెకే జరుగుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక స్త్రీ ఒంటరిగా వేదన పడుతుండటం విన్నారు. తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, భర్త ఎడబాటును స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదో తెలుసుకుని, సైనికులను గడువుకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారు. ఆచూకీ లేని భర్త విషయంలోనూ ఆయన తీర్పు ఉంది. ఆమె నాలుగేళ్ళు వేచి చూడాలి, తరువాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడపాలి, ఆపై ఆమెకు పునర్వివాహానికి స్వేచ్ఛ ఉంది. ఇమామ్ మాలిక్ దీనినే అనుసరించారు. హనఫీ పండితుల పాత అభిప్రాయం చాలా కఠినం. భర్త ఈడువారంతా గతించేవరకు ఆగాలన్నారు. కొందరు అతనికి తొంభై ఏళ్ళు నిండేవరకు అన్నారు. మన దేశంలో ఎక్కువమంది హనఫీలే కాబట్టి ఎందరో ఆడవారి బ్రతుకులు అలాగే తెల్లారిపోయాయి. 1930 దశకం తొలినాళ్ళలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ హనఫీ అయి ఉండి కూడా ఈ కష్టం గుర్తించి, మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చని 'అల్ హీలతున్నాజిజా' అనే గ్రంథంలో నిరూపించారు. ఆ బాటలోనే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త ఆచూకీ నాలుగేళ్ళుగా తెలియకపోతే భార్య కోర్టును ఆశ్రయించవచ్చు. భర్త వారసులకు నోటీసు వెళుతుంది. డిక్రీ ఆరు నెలల తరువాతే అమలులోకి వస్తుంది. ఆ లోపు భర్త తిరిగి వచ్చి కాపురానికి సిద్ధమంటే కోర్టు దానిని రద్దు చేస్తుంది. తొందరపాటు లేదు, అన్యాయమూ లేదు. కాశ్మీరులో భర్తలు అదృశ్యమైన స్త్రీలను 'అర్ధ వితంతువులు' అంటారు. వారి విషయంలో అక్కడి ఉలమాలు కూర్చుని ఈ నాలుగేళ్ళ గడువునే ప్రకటించింది 2013 డిసెంబరులో. అప్పటికి ఎందరికో ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని మేము అనడం లేదు. చేసుకోనంటే అది ఆమె ఇష్టం, వేచి చూస్తానంటే అది ఆమె హక్కు. కాని తలుపు ఉందని ఆమెకు తెలియాలి కదా! "ఇంకా ఎదురుచూస్తున్నావా" అని ఒకరు, "అప్పుడే మరిచిపోయావా" అని ఇంకొకరు అనేది ఆమెనే. రెండు వైపులా దెబ్బలు తినే ఆ మనిషికి చట్టం గాని షరీఅత్ గాని చెప్పినవారు మన మస్జిదు కమిటీల్లో ఎంతమంది?

ఆస్తి సంగతి దీనికంటే చిక్కు. తప్పిపోయినవాని ఆస్తిని షరీఅత్ తొందరపడి పంచనివ్వదు. అతని తండ్రి ఈలోగా చనిపోతే అతనికి రావలసిన వాటాను విడిగా ఆపి ఉంచాలి. ఆచరణలో జరిగేది వేరు. బాబాయిలు పొలం దున్నుకుంటారు, వాటా మాట ఎత్తితే మనిషి ఏడీ అంటారు. కొడుకు తనకంటే ముందే చనిపోయినట్లు తేలితే, మిగతా కొడుకులు ఉండగా ఆ మనవలకు తాత ఆస్తిలో వారసత్వం రాదు. ఇది తెలిసిన తాత ఒక పని చేయవచ్చు. తన ఆస్తిలో మూడో వంతుకు మించకుండా ఆ మనవల పేర వసీయత్ రాయవచ్చు. ఒక్క కాగితం, ఇద్దరు సాక్షులు. కొడుకు తిరిగి వస్తాడన్న ఆశ పోగొట్టుకున్నట్లు అవుతుందని చాలామంది తాతలు ఆ కాగితం రాయరు. వారి మనసు అర్థం చేసుకోదగిందే. అయినా మెల్లగా దగ్గర కూర్చుని రాయించవలసిన బాధ్యత ఖాజీదీ, ఇమామ్ దీ, బంధువులదీ. అన్నం గిన్నె పంపే అవకాశం లేని ఇంటికి మనం పంపగలిగింది ఇలాంటివే. పిల్లల బడి ఫీజు, కోర్టు ఖర్చు, ఆఫీసుకు తోడు వెళ్ళే ఒక మనిషి.

బోస్నియాలో 2004లో తప్పిపోయినవారి కోసం ప్రత్యేక చట్టం చేశారు. తమవారు ఏమయ్యారో తెలుసుకోవడం కుటుంబాల హక్కు అని అందులో రాశారు. కుటుంబాల సహాయానికి ఒక నిధి ఏర్పాటు చేస్తామనీ రాశారు. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ నిధి ఏర్పడలేదు. బోస్నియా మొత్తం మీద ఇంకా సుమారు ఏడు వేల మంది ఆచూకీ తెలియదు. ఒక్క స్రెబ్రెనిత్సా నుంచే దాదాపు వెయ్యి మంది. కొత్త గోతులు దొరకడం బాగా తగ్గిపోయింది. తెలిసినవారు కూడా ముసలివారై ఒక్కొక్కరే పోతున్నారు.

పోటోచారీలో జూలై 11న జనాజాకు వచ్చే స్త్రీలలో ఊతకర్ర లేనివారు ఇప్పుడు తక్కువ. తూజ్లాలో రక్తపు చుక్క ఇచ్చిన తల్లులలో చాలామంది ఖబరుల్లోకి చేరిపోయారు. ఆ చుక్కలు మాత్రం ప్రయోగశాలలో భద్రంగా ఉన్నాయి. రేపు ఏదో ఒక కొండ వాలులో ఒక ఎముక దొరికితే అది ఏ తల్లి బిడ్డదో యంత్రం చెబుతుంది. ఫోన్ చేస్తారు. ఆ ఇంట్లో ఫోన్ ఎత్తేవారు ఉండాలి.